ఖాళీ సీట్లోంచి తొక్కిన బ్రేకు

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లను జీవితమంతా ఏడిపించినవాణ్ణి నేను. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద నాకు బ్రేకుల షెడ్డు ఉంది. బ్రేకు పట్టకపోతే దానికి కారణం గాలి, నీళ్లు, వేడి, అరుగుదల. ఇరవై ఏళ్లలో ఐదో కారణం చూడలేదు.

బోధన్ దగ్గర చెరకు వేసే శ్రీనివాస్ సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు. దాన్ని తుడుచుకునే తీరు చూస్తే నవ్వొచ్చేది. నిర్మల్ అవతలి కొండ ఘాట్ దిగుతుంటే నాలుగైదు మలుపుల తర్వాత పెడల్ మెత్తబడి కిందికి పోయిందని, అరగంట ఆపితే మళ్లీ మామూలైందని చెప్పాడు.

నాకు వెంటనే అర్థమైంది. ప్యాడ్లు మాత్రమే వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు ఆగదు. పెడల్ మెత్తబడిందంటే చక్రాల దగ్గర బ్రేక్ ఆయిల్ మరిగిందన్నమాట. పాత ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, అందుకే తొందరగా మరుగుతుంది.

మందు ఒకటే. పైపుల్లోని పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది ఎక్కించాలి. అది ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గరుండే నిప్పల్ అనే చిన్న మరను వదులు చేసి పాత ఆయిల్‌ను బయటికి వదలాలి.

పన్నెండేళ్లు ఆ సీట్లో కూర్చున్నది నా భాగస్వామి యాదన్న. మూడుసార్లు తొక్కి, పట్టుకుని, వేలి ఉంగరంతో తలుపు మీద రెండుసార్లు కొట్టేవాడు. అప్పుడు నేను నిప్పల్ తిప్పాలి.

పోయిన వానాకాలం యాదన్న గుండెపోటుతో పోయాడు. అక్కడ ఇంకొకర్ని కూర్చోబెట్టడానికి మనసు రావడం లేదని అందరికీ చెప్పాను. అసలు సంగతి బద్ధకం. అప్పటినుంచి బానెట్ కింద ఆయిల్ పోసే డబ్బాలోంచి మాత్రం పాతదాన్ని సిరంజితో లాగేసి, కొత్తది పోసి, మూత బిగించేవాణ్ణి. మూత తీసి చూస్తే తేటగా ఉంటుంది. పైపుల్లో నల్లటిది అలాగే ఉంటుంది.

శ్రీనివాస్ కారుకూ అదే చేశాను. కారు ఇంకా షెడ్డులో ఉండగానే మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"అన్నా, రేపు నా బిడ్డను తీస్కొని ఘాట్ దిక్కు పోతున్న. ఆయిల్ మొత్తం మార్చినవా?"

"మొత్తం మార్చిన. రంది పెట్టుకోకు. దిగేటప్పుడు గేర్ తగ్గించు, బ్రేక్ మీద కాలు వెట్టి ఉంచకు."

సలహా నిజం, మొదటి మాట అబద్ధం. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే సిగ్గేసింది. పేరుకైనా నాలుగు చుక్కలు తీద్దామని వెనక ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాను. షెడ్డులో నేనొక్కణ్ణే.

తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది. అలవాటుకొద్దీ చేయి నిప్పల్ తిప్పింది. నల్లటి ఆయిల్ ట్యూబులోకి చిమ్ముకుంటూ వచ్చింది. ఎవరూ తొక్కకపోతే అది చుక్కలుగా కారాలి.

తల ఎత్తితే వెనక గోడ మీద బ్రేకు లైటు ఎర్రగా పడుతోంది. నిప్పల్ బిగించి, లేచి చూశాను. సీట్లో ఎవరూ లేరు. పెడల్ మాత్రం నేలకు ఆని ఉంది. నేను చూస్తుండగానే మెల్లగా పైకి లేచింది, గోడ మీది ఎరుపు పోయింది.

పారిపోవాల్సింది. పోలేదు. ఏడుపొచ్చింది, మళ్లీ కూర్చున్నాను. నాలుగు చక్రాలూ అలాగే చేశాం. మధ్యమధ్యలో నేను లేచి డబ్బాలో కొత్త ఆయిల్ పోశాను. తేట ఆయిల్ వచ్చేదాకా తలుపు మీద చప్పుడు ఆగలేదు.

తర్వాత లైటు స్విచ్, పెడల్ స్ప్రింగు విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. తీసిన పాత ఆయిల్ సీసాలో ఇప్పటికీ ఉంది. నా దగ్గరున్న సామానుతో ఒక్కణ్ణే అంత తీయలేను.

వారం తర్వాత శ్రీనివాస్ కూతుర్ని వెంటబెట్టుకుని కొత్త బెల్లం తెచ్చాడు. "ఎన్ని మలుపులు తిరిగినా పెడల్ రాయి లెక్క ఉన్నదన్నా. నీ మీద నమ్మకంతోనే బిడ్డను కూసోవెట్టుకున్న," అన్నాడు. ఆ పిల్ల నాకు దండం పెట్టింది. బెల్లం తీసుకున్నాను.

ఆ రోజు పెడల్ ఎవరు తొక్కారో నేనిప్పటికీ చెప్పలేను. నన్ను తినేస్తున్నది వేరే. యాదన్న పోయాక శ్రీనివాస్ కంటే ముందు వచ్చిన బండ్లన్నిటినీ పైపైనే మార్చి పంపాను. అప్పుడు ఏ తలుపూ చప్పుడు కాలేదు. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, చేసిన మోసం చెప్పి, బండి తీసుకురమ్మంటున్నాను. కొందరు తిట్టారు, పడ్డాను. వాళ్లలో మెండోర ఊరాయన ఫోన్ మాత్రం పది రోజులుగా మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.