పలక మీద ఊపిరి

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మాది ఆదివారం తప్పకుండా ప్రార్థనకు పోయే ఇల్లు. మార్కాపురం పలకల గనిలో నాది మేస్త్రి పని. రాయి పగిలితే పగిలిందనీ, నీరు ఊరితే ఊరిందనీ చెప్పడమే నాకు తెలిసిన విద్య. ఇది కూడా చూసింది చూసినట్టే రాస్తున్నాను.

అప్పుడు నా భార్య మరియమ్మకు ఏడో నెల. ఆ యేడు వానలకు గనిలో నీళ్ళు నిలిచి పని వెనకబడింది. బళ్ళు తెరిచేలోపు పలకలు రైలెక్కాలి. మరియమ్మ తెల్లవారింది మొదలు పలకరాయి గంపలు గట్టుకు మోసేది. ఇంట్లో మా అమ్మ ఆమెకు ఒక పూటే అన్నం పెట్టేది. కడుపులో బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని అమ్మ నమ్మకం. నేనూ సరేనన్నాను.

ఒక మధ్యాహ్నం మరియమ్మ గంప దించి, "నడుం లాగుతాంది. ఈ పూటకు కూర్చుంటా" అన్నది.

ఆమె కూర్చుంటే మిగతా ఆడోళ్ళూ కూర్చుంటారని నా భయం. "మా అమ్మ నన్ను చేన్లో కని, పొద్దుగూకేసరికి కట్టెలమోపు మోసుకొచ్చింది. నువ్వేంది, దొరసానివా?" అన్నాను. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. మరియమ్మ కూడా నవ్వి గంప ఎత్తుకుంది.

కాసేపటికే నొప్పులు వచ్చినాయి. మగబిడ్డ. రెండు అరచేతుల్లో పట్టేంత. బిడ్డ కదలకపోయేసరికి, కాన్పు చేసిన మా పెద్దమ్మ నున్నగా అరగదీసిన పలక ఒకటి అడిగి తీసుకుని వాడి ముక్కు దగ్గర పెట్టింది. నల్లటి పలక మీద చింతగింజంత ఆవిరి పట్టింది. తగ్గింది. మళ్ళీ పట్టింది. పొద్దు వాలకముందే పలక పొడిబారింది.

ఏమైందని అడిగినోళ్ళకు, పాడుబడ్డ గని దగ్గర నీళ్ళు తాగింది, గాలి సోకింది అని చెప్పినాను. నేను నమ్మని మాటే. ఊరు నమ్మింది. ఆనాటి నుంచి కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మరియమ్మ ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాళ్ళు. మాకు మళ్ళీ బిడ్డలు కలగలేదు.

ఆ పలకను ఆమె గూట్లో పెట్టుకుంది. కొన్నాళ్ళకు ఒక ఉదయం నన్ను పిలిచి చూపించింది. చింతగింజంత ఆవిరి. పట్టి, తగ్గి, మళ్ళీ పడుతోంది. ఏదో చెమ్మ అనుకుని తుడిచినాను. మరుసటి ఉదయమూ ఉంది. నడివేసవిలో, గోడలు సెగలు కక్కే రోజుల్లోనూ ఉంది.

నన్ను సాధించడానికి ఆమే ఊదుతోందేమోనని అనుమానించినాను. ఆమె రాచర్లలోని పుట్టింటికి పోయినప్పుడు, ఆవిరి వస్తుందో రాదో చూద్దామని తలుపు గొళ్ళెం వేసుకుని ఒక్కణ్ణే కూర్చున్నాను. వచ్చింది. పక్కనే నేనూ ఊది చూసినాను. నాది అరచేతంత పరుచుకుని చిటికెలో ఆరిపోయింది. అది ఆరలేదు.

ఏండ్లు గడిచినాయి. మా తమ్ముడి భార్య రూతు గర్భవతి అయింది. మరియమ్మ కనబడితే చాలు, కడుపు మీదికి కొంగు లాక్కుని దూరం పోయేది. ఏడో నెలలో కూడా మా గనిలోనే గంపలు మోస్తోంది.

"ఇంక చాలు, కూర్చో తల్లీ" అన్నాను.

"నాకేం కాదులే బావా. నేను ఆ పాడు గని దిక్కు పోనే పోను" అని నవ్వింది.

నా అబద్ధమే ఆమెకు ధైర్యం.

ఆ ఆదివారం ప్రార్థన ముగిసినాక లేచి నిలబడి అందరి ముందరా చెప్పినాను. గాలీ లేదు, ధూళీ లేదు. ఒంటిపూట తిండి, ఆ గంపలు, నా నోరు. అంతే. తమ్ముడు రూతును గని మాన్పించినాడు. నెలలు నిండినాక ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను రూతు తానే మరియమ్మ ఒళ్ళో పెట్టింది.

కానీ నేను నిజం చెప్పిన మరునాడు పలక పొడిగా ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆవిరి పట్టలేదు.

నా మనసు తేలికపడుతుందనుకున్నాను. మరియమ్మ గూటి ముందర కూలబడింది. "గాలి కాదని నాకు ముందే తెలుసు. ఊరు ఏమన్నా ఓర్చుకున్నా. పొద్దున్నే లేస్తే వాడు ఉండేవాడు" అన్నది.

ఆ ఆవిరి ఏమిటో, ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో నాకు ఈనాటికీ అంతుబట్టలేదు. ఇప్పుడు ఆమెకంటే ముందే నేను లేచి గూడు చూస్తాను. పడకలోంచే అడుగుతుంది, వచ్చిందా అని.

వచ్చిందని చెప్పాలనిపిస్తుంది. లేదనే చెబుతాను.