పేరులో మొదటి ముక్క

తన పేరు ముందు పెట్టకుండా దేన్నీ ఈ లోకంలోకి రానివ్వడు తవిటయ్య.

టాటానగర్ బిష్టుపూర్‌లో కార్మికుల జీతాల లెక్కలు చూసే ఆ ఆఫీసులో ఆయన మూల నిండా చీటీలే. గొడుగు మీద ‘తవిటి.గొడుగు.నలుపు’. టిఫిన్ డబ్బా మీద ‘తవిటి.ఉప్మా.మంగళ’. బుధవారం కూడా ఉప్మాయే తెస్తే చీటీ మారుస్తాడు. మంగళవారం చీటీతో బుధవారం ఉప్మా తినడం ఆయన దృష్టిలో దొంగతనం.

మెయిన్‌ఫ్రేమ్ అనే ముసలి పెద్ద కంప్యూటర్‌తో సగం జీవితం కాపురం చేసినవాడు మరి. అందులో ప్రతి ఫైలు పేరూ ఇలా చుక్కలతో అతికించిన ముక్కలే. ముక్కకి ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు. ఆ అలవాటుతో మేనేజర్ సూర్యప్రకాష్‌ని కూడా ‘సూర్యప్ర సార్’ దగ్గరే ఆపేసేవాడు. మేనేజర్ కొన్నాళ్లు మిగతా పేరు కోసం ఎదురుచూసి, అలిసిపోయి మానేశాడు.

అలిసిపోవడంలో కొత్తగా చేరిన హేమ అందరికంటే ముందుండేది. గోవింద్‌పూర్ నుంచి ఆటోలో నలిగి వచ్చేసరికే ఆమెకి సాయంత్రమైనట్టుండేది. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఉంచుతారో, ఇంటికి పంపుతారో నెలాఖరుకి తేలుతుంది. అంతా ఆమె రాసిన మొదటి ప్రోగ్రాం మీద ఉంది. అది ఓవర్‌టైం లెక్క కట్టే ప్రోగ్రాం.

ఆ ప్రోగ్రాం నడుస్తూనే తనకు కావలసిన ఫైలుని అప్పటికప్పుడు పుట్టించుకుని, పేరు కూడా తనే పెట్టుకోవాలి. పేరు ఎలా కూర్చుకోవాలో హేమ రాసిపెట్టింది. ముందు హేమ, తర్వాత ఓటీ, చివర తేదీ.

తవిటయ్య వెనక నిలబడి టీ చల్లారేదాకా చూశాడు.

“ముందల తవిటి ఎయ్యమ్మా. సివర్న టైం కూడా ఎట్టు.”

“బాబాయ్, ప్రోగ్రాం తో మేరా హై.”

“నీదేనమ్మా, కాదన్నానేటి? తవిటి ఎయ్యి.”

వేసింది. ఆయనతో వాదించడం కంటే టాటానగర్ స్టేషన్‌లో కదిలే రైలు ఎక్కడం సులువు. టైం మాత్రం పెట్టలేదు. రోజుకి ఒక్కసారి నడిచేదానికి గంటలూ నిమిషాలూ దేనికని విసుగు. ముసలాయన నా పనికి కూడా తన చీటీ అంటించేశాడని పక్క సీటు సూరజ్‌తో చెప్పుకుంది. “సబ్‌కా కర్తే హై,” అందరికీ అంతేనని సూరజ్ నవ్వి ఊరుకున్నాడు.

నెలాఖరు దగ్గరపడింది. ఒకరోజు హాజరు వివరాలు తప్పుగా వచ్చాయని, పొద్దున నడిచిన ప్రోగ్రాంని మధ్యాహ్నం మళ్లీ నడిపారు. అది మళ్లీ ఫైలు పుట్టించబోయింది. అదే తేదీ, అదే పేరు. ఆ పేరుతో పొద్దుటి ఫైలు ఉండనే ఉంది. ఒకే పేరుతో ఇద్దర్ని బతకనివ్వని మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాంని అక్కడే ఆపేసింది. ఓవర్‌టైం లెక్కా ఆగిపోయింది.

సూర్యప్రకాష్ గదిలోంచి బయటికొచ్చాడు. ప్రోగ్రాం ఎవరు రాశారో ఆయన ఎప్పుడూ అడగడు. తెర మీద ఆగిన ఫైలు పేరులో మొదటి ముక్క చదువుతాడు, అంతే.

“తవిటయ్యా, మళ్లీ మీదేనా?”

హేమ లేచింది. తవిటయ్య తన నల్లగొడుగుని ఆమె దారికి అడ్డంగా చాపాడు.

“నాదే, సూర్యప్ర సార్. టైం ఎట్టడం మర్సిపోనాను.”

తిట్లు చాలాసేపు సాగాయి. తవిటయ్య బస్సు కోసం నిలబడ్డవాడిలా ఓపిగ్గా విన్నాడు. మేనేజర్ వెళ్లాక సూరజ్ మెల్లగా, “మేరే టైమ్ భీ యహీ హువా థా” అన్నాడు. తన కొత్తలోనూ ఇదే జరిగిందట.

హేమ తవిటయ్య వైపు తిరిగింది. ఆయనే అందుకున్నాడు.

“పర్మనెంటోడిని, నన్నేటి సేత్తారమ్మా? తిట్టి తిట్టి ఆళ్లే అలిసిపోతారు. నువ్వు ముందు టైం ఎట్టు.”

నెలాఖరుకి హేమ ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆ పూటే తవిటయ్య దగ్గరుండి ఫైలు పేరులో ‘తవిటి’ తీయించి ‘హేమ’ వేయించాడు.

మర్నాడు మేనేజర్ తలుపు తెరుచుకుంది. హేమని రమ్మన్నాడు. ఓవర్‌టైం ఫైలుని చదవాల్సిన జీతాల ప్రోగ్రాం ఇంకా తవిటి కోసమే వెతుకుతోందట, ‘హేమ’ అని మొదలయ్యే ఫైలు ఎవరూ చదవకుండా పడి ఉందట. ఆ జీతాల ప్రోగ్రాంలో కూడా పేరు మార్చాలని హేమకీ తవిటయ్యకీ తోచలేదు.

హేమ తవిటయ్య వైపు చూసింది. ఆయన డబ్బా మూత తీస్తున్నాడు.

“ఎల్లమ్మా. పేరు నీదే కదా.”

ఆమె గుమ్మం దాకా వెళ్లేసరికి వెనక కుర్చీ కిర్రుమంది.

“ఉండు, నానూ వత్తన్నా.”

ఉప్మాకి మూత పెట్టి, గొడుగు చేతిలోకి తీసుకున్నాడు. గదిలోకి గొడుగెందుకని హేమ అడగలేదు.