చెవుల మీది చేతులు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని బరువు నా మీద కంటే నా భార్య సుగుణ మీదే ఎక్కువ పడింది. అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల చివర మేం మేడ్చల్‌లో ఉండేవాళ్లం. మా స్టెల్లాకు ఆరేళ్లు. మాటలు రాలేదు. కుక్కర్ విజిల్ వేసినా, మిక్సీ తిరిగినా రెండు చెవులూ మూసుకుని మూలకు నక్కేది. ఆటిజం అని సికింద్రాబాద్‌లో డాక్టరమ్మ చెప్పింది. అక్కర్లేని చప్పుళ్లను మన మెదడు వెనక్కి నెట్టేస్తుందట. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఆ పని సరిగా జరగదట. ఫ్యాను, రోడ్డు మీది లారీ, అమ్మ పిలుపు, అన్నీ ఒక్కసారే మీద పడతాయట. "చెవులు మూసుకుంటే మూసుకోనివ్వండి. అది మొండితనం కాదు" అంది. అర్థం కాలేదని అనలేను. అర్థమైంది.

ఆ ఎండాకాలం శామీర్‌పేటలో చర్చివాళ్లు, ప్రార్థనతో జబ్బులు నయమవుతాయంటూ స్వస్థత కూటాలు పెట్టారు. అంత మోతలోకి పిల్లను తీసుకుపోవద్దని సుగుణ ముందే అంది. చెరువు చూపిస్తానని చెప్పి తీసుకెళ్లాను. బిడ్డకు నయం కావాలనుకున్నానా, నలుగురిలో అందరి పిల్లల్లా కనబడాలనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

డ్రమ్ములు, కంజీరలు, మనిషెత్తు స్పీకర్లు. స్తుతి పాట మొదలవగానే అందరూ చేతులెత్తారు. స్టెల్లా ఒక్కతే చెవులు మూసుకుంది. పక్క వరసలో ఒకావిడ నవ్వింది. "ఏంది బిడ్డా, మా పాటలు గంత ఘోరంగున్నయా?" చుట్టూ నవ్వులు. సంఘ పెద్ద నా భుజం తట్టాడు.

"తమ్మీ, పిల్ల సేతులు లేపు. దేవుని సన్నిధిల సెవులు మూసుకుంటరా?"

లేపాను. ఆ సన్నని మణికట్లు రెండూ పట్టుకుని, చెవుల మీంచి లాగి, పైకెత్తి పట్టుకున్నాను. స్టెల్లా అరుస్తూ నా వైపే చూసింది. భయమేస్తే ఎవరి దగ్గరికి పరుగెత్తాలో ఆ మనిషే తన చేతులు పట్టుకున్నాడని ఆ కళ్లకు తెలిసిందా? తెలిసే ఉంటుంది.

ఇంటికొచ్చాక సుగుణ కంగారు పడింది. "ఏమైంది పిల్లకు, గిట్ల వణుకుతాంది?"

"పొద్దుగాల నువ్వు కుక్కర్ పెట్టినవ్ గదా, గప్పటి సంది గట్లనే ఉన్నది."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! సుగుణ కుక్కర్‌ను అటకెక్కించింది. డ్యూటీకి పోయే రోజుల్లో కూడా గంట ముందే లేచి గిన్నెలో అన్నం వార్చింది. నేను తిన్నాను. స్టెల్లా మళ్లీ నా చేతికి తన చెయ్యి ఇవ్వలేదు. "నా వల్లనే బిడ్డ గిట్ల బెదిరిపోయింది" అని సుగుణ ఏడిస్తే, దగ్గర కూర్చుని ఓదార్చాను కూడా.

ఈ ఉదయం అంతా చెప్పేశాను. క్షమించమని మాత్రం అడగలేదు. సుగుణ ఒక్కటే అడిగింది.

"ఎంతసేపు పట్టుకున్నవ్ దాని సేతులు?"

"పాట అయిపోయేదాంక."

లేచి స్టెల్లా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను బయట కూర్చుని ఇది రాస్తున్నాను. తలుపు ఇంకా తెరుచుకోలేదు. తెరుచుకున్నాక ఏమంటుందో తెలియదు. ఏమన్నా సరే, ఇక ఆమె తనను తాను తిట్టుకోదు.