అయస్కాంతానికి అంటుకున్న రూపాయి

ఐదేళ్లుగా ఒక రూపాయి బిళ్ల నా గుండెల మీద కూర్చుంది. నవ్వకండి. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందే చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ మాట మారుస్తాను. నేను చేసిన తప్పును మా మేనత్త మీద వేశాను. తెలిసే వేశాను.

సూర్యాపేటలో సీసీ కెమెరాలు బిగించే పని నాది. పని మీద హైదరాబాద్ పోయినప్పుడు ఒకరింట్లో ఉప్పునీటి అక్వేరియం చూశాను. అందులో పాలిప్స్ అట, రాళ్ల మీద పూలలా విచ్చుకునే సముద్రపు జీవాలు. పిచ్చి పట్టింది. వీడియోలు చూస్తే ప్రతివాడూ తక్కువ ఖర్చు అంటాడు. తక్కువ ఖర్చట, నా మొహం! కోదాడలో అద్దాల షాపువాడి దగ్గర మిగిలిన ముక్కలతో తొట్టి అతికించాను. వాటర్ ప్లాంటు నీళ్లలో పార్శిల్ తెప్పించిన సముద్రపు ఉప్పు కలిపాను. రెండు చేపలు, ఒక రొయ్య, కొన్ని పాలిప్స్. సూర్యాపేటకే సముద్రం తెచ్చానని ఊరంతా చెప్పుకున్నాను.

అత్తది వేములపల్లి. ఆమె సముద్రం చూడలేదు. బస్సు కృష్ణా నది వంతెన ఎక్కితే చాలు, కొంగు ముడి విప్పి కిటికీలోంచి రూపాయి వేసి దండం పెట్టేది. మా వాళ్లలో ఎవరికి బిడ్డ పుట్టినా నీళ్లు పోయడానికి ఆమే రావాలి. చాపిన కాళ్ల మీద పడుకోబెట్టి పోస్తుంటే, ఎంత ఏడ్చే పిల్లయినా ఊరుకునేది. నాకూ ఆమే పోసింది. ఆమె గొప్పగా చెప్పుకునేది అదొక్కటే.

తొట్టి చూడ్డానికి వచ్చింది. నేను పనికి పోయినప్పుడు అందులోనూ రూపాయి వేసి, దండం పెట్టుకుని, ఊరికి వెళ్లిపోయింది.

అప్పటికే చేపల మీద తెల్లమచ్చలు మొదలయ్యాయి. మంచి మందు కొనడానికి మనసు రాక, మామూలు పెంపుడు చేపల షాపులో దొరికే నీలం మందు తెచ్చాను. అందులో రాగి ఉంటుంది. రాగి పాలిప్స్‌కూ రొయ్యలకూ విషమని ఆ వీడియోల్లోనే విన్నాను. విని కూడా, కొంచెమేగా అనుకుని పోశాను. తెల్లారేసరికి రొయ్య వెల్లకిలా పడి ఉంది. పాలిప్స్ ముడుచుకుపోయాయి. తర్వాత నీళ్లు కుళ్లి చేపలూ పోయాయి. ఇల్లంతా కంపు.

అద్దానికి లోపలా బయటా అంటుకుని నాచు తుడిచే అయస్కాంతం జరుపుతుంటే రూపాయి టక్కున వచ్చి అంటుకుంది. రాగి అయస్కాంతానికి అంటుకోదండీ! అది ఉత్త ఉక్కు. ఆ బిళ్ల ఏమీ చేయలేదని సాక్ష్యం నా చేతిలోనే ఉంది. నేనేం చేశాను? పీకి జేబులో వేసుకున్నాను.

ఆ ఆదివారం మిర్యాలగూడలో చెల్లెలి ఇంట్లో అందరం అన్నాలకు కూర్చున్నాం. నీ సముద్రం ఏమైందని బావ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రూపాయి తీసి అత్త కంచం పక్కన పెట్టాను.

"గీ రూపాయి ఏసింది నువ్వే గదా అత్తా?"

"అవు బిడ్డా. గంగమ్మకు ఏసిన."

"విషం ఏసినవ్! గీ బిళ్లల రాగి ఉంటది. గన్ని పానాలు నీ చేతులనే పోయినయ్."

ఆమె తన అరచేతుల వంక చూసుకుంది. "నాకు ఎర్క లేదు బిడ్డా" అంది.

రూపాయికే అన్నీ చస్తాయా అని అక్కడున్న ఒక్కరికీ అనుమానం రాలేదు! చదువురాని ముసలామె అంటే ఏదైనా నమ్మేస్తారా? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఛీ, వాళ్ల మీద మండటానికి నాకు సిగ్గుండాలి. వాళ్లు నమ్మింది నా మాటనే కదా?

ఆ తర్వాత చెల్లెలికి కొడుకు పుట్టాడు. అత్త వచ్చింది, గడప దాటలేదు. నా చేయి మంచిది కాదు, వేరేవాళ్లను చూసుకోండి అంది. నాకు బిడ్డ పుట్టినప్పుడూ అదే మాట. నా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, దూరంగా నిలబడి చేతులు కొంగులో దాచుకుంది. అప్పుడైనా నేను నోరు తెరవచ్చు కదా! తెరవలేదు.

పోయిన నెల వేములపల్లి వెళ్లి అత్తకు అంతా చెప్పాను. పోనీలే బిడ్డా అంటుందనే ఆశ లోపల ఉండే ఉంటుంది.

"గీ నడుమ పుట్టిన పోరగాళ్లంత నేను నీళ్లు పోయకుండనే పెరిగి ఉరుకుతున్నరు గదరా" అంది. "అందరి ముంగట అన్నవ్. ఇప్పుడు ఒక్కదాని చెవుల చెప్తున్నవా?"

లేచి లోపలికి పోయింది. చాయ్ కూడా అడగలేదు. ఎందుకు అడగాలి?

వచ్చే ఆదివారం చెల్లెలి ఇంట్లో మళ్లీ అందరూ ఉంటారు. రూపాయి, అయస్కాంతం రెండూ పట్టుకుపోతాను. అక్కడ నోరు పెగులుతుందో లేదో అని ముందు మీ దగ్గర అంటున్నాను. చంపింది నేను. అత్త చేయి మంచిదే.