చేరకుండా కొన్న సబ్బు

గోండ్‌పిప్రి నుంచి చంద్రపూర్ వెళ్లే బస్సులో నా ఒళ్లో బలం పొడి డబ్బా, దాన్ని అమ్మే గొలుసుకట్టు కంపెనీ సభ్యత్వం ఫారాలు ఉన్నాయి. ఒకప్పుడు మా పొలాల్లో పనిచేసి, ఇప్పుడు చంద్రపూర్ శివారు బాబుపేట్‌లో ఉంటున్న కుటుంబాలను నా కింద చేర్చడానికి బయలుదేరాను. పక్కన సబ్బుల సంచితో కూర్చున్న ఆమెతో, "మా ఇంటి పేరు చెబితే ఎవరూ కాదనరు," అన్నాను.

ఆమె డబ్బా తిప్పి చూసింది. "నేను గూడ గిట్లనే ఓ కంపెనీల చేరి సబ్బులమ్ముత. చేరనోళ్లు గూడ మల్ల మల్ల కొంటరు. గీ పొడి చేరకుంట ఎవలన్న కొంటరా, దొరా?"

"చేరినవాళ్లే కొంటారు," అన్నాను.

"గట్లయితే మీ ఇంటి పేరునే అమ్మబోతున్నరు."

బాబుపేట్‌లో దిగలేదు. బస్టాండులో ఆమె దగ్గర ఒక సబ్బు కొన్నాను. ఆమె నన్ను చేరమనలేదు, నా పేరు కూడా అడగలేదు.

ఆ సబ్బు అరిగిపోయింది. మరొకటి కొందామని ఆ బస్సెక్కినప్పుడల్లా ఆమె కోసం చూస్తాను.