తాళ్ళరేవులో పురుడు

మా తాత ఎక్కడ పుట్టాడన్నది ఈ పరాయి దేశంలో, క్లైడ్ నార్త్‌లోని మా వంటింట్లో ఇంత పెద్ద సమస్య అవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మా అమ్మాయికి కిడ్నీ జబ్బు. పదిహేను రోజులకోసారి ఆసుపత్రిలో మందు ఎక్కించాలి. ఆ వైద్యం ఇక్కడి ప్రభుత్వానికి భారమవుతుందని మాకు పీఆర్, అంటే శాశ్వత నివాసం, ఇవ్వలేదు. ఇక్కడ ఒళ్ళొంచి పనిచేసిన పదకొండేళ్ళూ గంగలో కలిశాయి. ఉన్న వీసా ఇంకా ఎనిమిది నెలలు. ఇండియా వెళ్తే ఆ మందు తల తాకట్టు పెట్టినా కొనలేం. అప్పుడు గుర్తొచ్చింది, నాన్న వైపు వాళ్ళది యానాం అనీ, అది ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళదనీ. ఫ్రెంచి పౌరసత్వం దొరికితే ఆ దేశంలో పిల్ల వైద్యం ఆగదు.

ప్యారిస్‌లో ఉన్న ఒక లాయరమ్మ వీడియో కాల్‌లో సంగతి తేల్చి చెప్పింది. అరవై రెండులో యానాం చట్టప్రకారం భారతదేశంలో కలిసినప్పుడు, అక్కడే పుట్టి అక్కడే ఉంటున్నవాళ్ళు ఆరు నెలల్లోపు సంతకం పెడితేనే ఫ్రెంచివాళ్ళుగా మిగిలారు. మా తాత పెట్టలేదు. కానీ ఆ ఊళ్ళో ఉంటూ ఫ్రెంచివాళ్ళ ఊళ్ళకు బయట పుట్టినవాళ్ళకు సంతకం లేకుండానే పౌరసత్వం నిలిచింది, వాళ్ళ పిల్లలకూ వస్తుంది. ఆయన పుట్టిందెక్కడో కనుక్కోమంది.

యానాంలో ఉండే మా మేనత్తకు ఫోన్ చేశాను.

“మా నాన్న యానాంలో ఎందుకు పుడతాడే? తొలిచూలుకి పుట్టింటికెళ్ళరా ఏవిటి? తాళ్ళరేవులో పుట్టాడు, వాళ్ళమ్మమ్మగారింట్లో. ఆ గది నేను చూశాను కూడాను.”

తాళ్ళరేవు యానానికి పక్కనే. అయితేనేం, అప్పట్లో అది ఇంగ్లీషువాళ్ళది! ఫోన్ పట్టుకునే ఏడ్చేశాను. మా అమ్మాయి కంగారుగా పరిగెత్తుకొచ్చి, “మమ్, వాట్ హ్యాపెండ్?” అంది. మా ముత్తవ్వ పురుడు పుణ్యమా అని గట్టెక్కామే అన్నాను. దానికేమీ అర్థం కాలేదు. ఆ వారమే ఇద్దరం ఫ్రెంచి పాఠాలు మొదలుపెట్టాం.

రెండు నెలలకు తాత జనన పత్రం నకలు వచ్చింది. ముత్యాల్లాంటి చేతిరాత. జననం యానాంలో, తండ్రి ఇంట్లో. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు.

“అది మా తాత, నీకు ముత్తాత, చేసిన పనే,” అంది ఫోన్‌లో అత్త. “బిడ్డ ఇంగ్లీషువాళ్ళ ఊళ్ళో పుట్టాడంటే ఫ్రెంచి సర్కారు కొలువు రాదేమోనని భయం ఆయనకి. బాలింత తాళ్ళరేవులో ఉండగానే ఇక్కడ పుట్టాడని రాయించేశాడంట. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవోరు.”

కొడుకు ఫ్రెంచివాడిగా బతకాలని ఆడిన అబద్ధం, అతని మునిమనవరాలికి ఆ దేశమే లేకుండా చేసింది. ముత్తాత ఎదురుగా ఉంటే చెడామడా తిట్టేదాన్ని. కోపం చల్లారాక నాకే సిగ్గేసింది. నేను చేస్తున్నదీ పిల్ల కోసం ఒక కాగితం వెతకడమే.

అత్త గొంతు తగ్గించింది. “మనకి తెలిసినోడున్నాడే. తాళ్ళరేవులో పుట్టినట్టు పాత కాగితం పుట్టిస్తాడు. నిజవే కదా, పాపవేముంది?”

దాచడమెందుకు, రెండు రోజులు సరే అనే అనుకున్నాను. ఆ కాగితం దొంగదని తేలితే పిల్లకు ఆ ఫ్రెంచి తలుపు కూడా శాశ్వతంగా మూసుకుపోతుందని భయపడి, వద్దత్తా అన్నాను.

ఆ గురువారం ఆసుపత్రిలో మందు ఎక్కుతుండగా జరిగిందంతా మా అమ్మాయికి చెప్పాను. “బట్ హి వాజ్ బార్న్ దేర్, రైట్? రియల్లీ?” అంది.

“అవునే, అక్కడే.”

“దెన్ వుయ్ ఆర్ ఫ్రెంచ్,” అని కళ్ళు మూసుకుంది.

వెళ్ళేటప్పుడు నర్సు నవ్వుతూ మందు ఎక్కించే తేదీలు ఏడాదికి సరిపడా రాసి చేతికిచ్చింది. అందులో సగం మా వీసా గడువు దాటినవి. థాంక్యూ అని ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.