నూట పన్నెండో చెట్టు

గోల్‌మురి దగ్గర ప్రభుత్వ స్థలంలో సైన్సు కేంద్రం కట్టేముందు పర్యావరణ నివేదిక కావాలన్నారు. చెట్లకు నంబర్లు వేసే పని పోలరాజుది. కుంచెను తన చొక్కా రెండో గుండీ ఎత్తున ఆనించి, తెల్లరంగుతో అంకె వేసి, ఒకడుగు వెనక్కి జరిగి చూసుకుంటాడు. ఇరవై ఏళ్లుగా అంతే. నివేదిక రాసేది మాత్రం టెల్కో కాలనీ నుంచి వచ్చే అపూర్వ. చేరి నెల కాలేదు, అప్పుడే ఆఫీసరు ఆ పిల్లకు కుర్చీ వేయిస్తున్నాడు. అది చూసినప్పుడల్లా పోలరాజుకు కడుపు మండుతుంది. అందుకే నూట పన్నెండో చెట్టు తొర్రలో గుడ్లగూబ పిల్లలున్నాయని అతను ఎవరికీ చెప్పలేదు. గూడు సంగతి రాయకపోతే ఆ చెట్టు కొట్టేస్తారు. కొడితే కొట్టనీ, ఆ పిల్ల నివేదికలో ఒక్క తప్పయినా ఉండాలి.

ఆఖరి రోజు అపూర్వే అడిగింది. “అంకుల్, ఇంకేమైనా మిగిలిందా?”

“ఏటీ నేదమ్మా.”

“మరి నూట పన్నెండుకొక్కదానికే నంబరు మోకాలి ఎత్తున వేశారేం? తొర్ర దగ్గర కుంచె ఆడిస్తే పిల్లలు బెదురుతాయనేగా. గూడు మొదట చూసింది మీరేనని రాసేశాను, ఠీక్ హై?”

పోలరాజు తలూపాడు. కాగితం మీద తన పేరు చూసుకున్నాడు. ఇంత మంచితనం కూడా ఆ పిల్లకే ఉండాలా అని, ఇల్లు చేరేదాకా అతని కడుపు మండుతూనే ఉంది.